పైకి పోయిన మనిషి

“హంతకుడు ఉన్నాడు, ఆధారం ఉంది, ఒప్పుకోలు ఉంది. శవం ఒక్కటే తక్కువ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. కొట్లో సరుకులన్నీ దొరికి ఉప్పు ఒక్కటి దొరకనివాడిలా కాస్త చిరాకు పడ్డాడు గానీ, దానికోసం బెంగ పెట్టుకున్నట్టు మాత్రం లేదు.

ఆరా గొడుగు మూసి పోలీసు అవుట్‌పోస్టు గుమ్మం పక్కన ఆనించింది. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టీ పట్టీ, చివరికి సొంతంగా పరిశోధన మొదలుపెట్టాక, ప్రతిదానికీ ఆరా తీస్తుందని జనం ఈ పేరు ఖాయం చేశారు. పోయినసారి ఈ ఇన్‌స్పెక్టర్ పట్టుకున్న దొంగ అసలు దొంగ కాదని ఆమె తేల్చింది. అప్పటినుంచి ఆయనకు ఆమె గొడుగు చూసినా ఒళ్లు మంటే.

“ఒప్పుకోలు ఏమని?” అంది ఆరా.

“మొన్న మధ్యాహ్నం మున్సిపాలిటీ పన్నుల కొలతలాయన పక్క టైలరు కొట్లోకి వెళ్లాడు. ఎదురుగా టీ బండివాడు చూశాడు. బయటికి రావడం మాత్రం ఎవరూ చూడలేదు. ఆ ఇంటికి వీధిలోకి ఒకటే గుమ్మం. వెనక సందంతా కాలవ కోసం తవ్విన గొయ్యి, నిండా నీళ్లు. సాయంత్రం వాళ్లాఫీసు నుంచి ఫిర్యాదు వస్తే మా కానిస్టేబుల్ వెళ్లి, కొలతలాయన ఎక్కడ అని అడిగాడు. టైలరు కుట్టు మీంచి తలెత్తకుండా ఏమన్నాడో తెలుసా? ‘పైకి పోయారు’ అన్నాడు.”

“ఆ ఇంటికి మేడ ఉందా?”

“మేడా లేదు, అటకా లేదు. పెంకుటిల్లు. ఇక పైకి పోవడమంటే ఒకటే అర్థం కదా. మాట నోరు జారాక, అర్థమేంటని అడిగితే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. కొలతలాయన ఇనప టేపు కత్తిరింపు బల్ల కింద దొరికింది. వంటింట్లో నేల తవ్వించాను. ఇవాళ పెరడు తవ్విస్తాను. నాలుగింటికి వ్యాను వస్తుంది, మనిషిని పెద్ద జైలుకు పంపిస్తున్నాం.”

“చంపాల్సినంత పగ ఏముంది?”

“పన్ను, మేడం. ఈ వీధిలో ఆ కొలతలాయన పేరెత్తితే పసిపిల్లలు కూడా ఏడుపు మానేస్తారు.”

అందులో మాత్రం అబద్ధం లేదు. రెండేళ్ల కిందట మున్సిపాలిటీ ఖజానా అడుగంటింది. ఇళ్ల పన్ను పెంచితే బంగళాలవాళ్లు కోర్టుకెక్కుతారని భయపడి, బజారు వైపు తెరుచుకునే ప్రతి గుమ్మానికీ పన్ను వేశారు. బజారుకు ముఖం పెట్టినవాడు బజారు వల్ల బాగుపడుతున్నాడని వాదన. ఆ వాదన చేసిన పెద్దమనుషుల బంగళాలకు తోటలున్నాయి, ప్రహరీలున్నాయి, బజారులో గుమ్మాలు మాత్రం లేవు.

ఈ వీధిలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని, ఏటవాలు మీద ఒకదాని కంటే ఒకటి కాస్త ఎత్తుగా పైకి వెళతాయి. నోటీసులు రాగానే జనం ఇటుకలు తెచ్చి వీధి గుమ్మాలు మూసేశారు. అరుగుల మీద కబుర్లు పోయాయి, ఇళ్లలో పట్టపగలు దీపాలు వెలిగాయి. అందరూ వెనక సందులోంచి తిరగడం అలవాటు చేసుకునేసరికి, అదే మున్సిపాలిటీ వచ్చి ఆ సందును కాలవ కోసం తవ్వి, డబ్బుల్లేవని అలాగే వదిలేసింది. కొట్టు నడవాలి కాబట్టి టైలరు ఒక్కడే పళ్ల బిగువున పన్ను కట్టి గుమ్మం నిలుపుకున్నాడు. అతనికి దిగువన, వీధి మొదట్లో ఉన్న ఇల్లు ఈ అవుట్‌పోస్టు. అది సర్కారు అద్దెకు తీసుకున్న ఇల్లు, దానికి పన్ను లేదు.

“మిగతా ఇళ్లవాళ్లు మరి బయటికెలా వస్తున్నారు?”

“గోతి మీద పలకలు వేసుకుని వస్తారు. అదంతా నా కేసులో లేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

కానిస్టేబుల్ లాకప్పు వైపు నుంచి భోజనం క్యారియర్ పట్టుకొచ్చాడు. మూత తీస్తే అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

“ఇవాళ కూడా ముట్టలేదు సార్.”

“చూశారా మేడం. ఆ చేతుల్తో మెతుకు దిగడం లేదు.”

లాకప్పు అంటే పేరుకే. ఒకప్పటి సామాను గదికి ముందు ఊచలు బిగించారు. వెనక గోడకు పాత చెక్క బీరువా ఒకటి అలాగే వదిలేశారు. ఊచల వెనక టైలరు బాసిపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా మెతుకు ముట్టని మనిషి ముఖం నిగనిగలాడుతోంది.

“మీ అమ్మాయి పంపింది నన్ను,” అంది ఆరా. “ఊరి నుంచి ఏడుస్తూ వచ్చింది. మా నాన్న చీమకు కూడా హాని చెయ్యడు, ఎలాగైనా బయటికి తీసుకురండి అని చేతులు పట్టుకుంది.”

టైలరు ముఖంలో మొదటిసారి కలత కనిపించింది. “దానికెవరు చెప్పారండీ? అనవసరంగా కంగారు పెట్టారు.”

“మీ నాన్నను పెద్ద జైలుకు పంపిస్తున్నారంటే కంగారు పడదా? కొలతలాయన ఎక్కడ?”

“ఆయనకేం కాలేదండీ.”

“ఎక్కడ అని అడిగాను.”

“అది చెప్పకూడదండీ. నా ఒక్కడి మాట కాదది.”

“సరే. ఆకలి వేయడం లేదా?”

“లేదండీ. అంటే, వేస్తోందండీ. అంటే…” అని ఆగిపోయి గెడ్డం గోక్కున్నాడు. తెల్లచొక్కా మోచేతికి ముదురు నీలం దారప్పోగు ఒకటి అంటుకుని ఉంది. ఆరా దాన్ని చూసింది, బీరువాను చూసింది, గుమ్మం దగ్గరికి వచ్చి గొడుగు తీసుకుంది.

“ఆ కొట్టు చూడాలి,” అంది ఇన్‌స్పెక్టర్‌తో. “అరెస్టు రోజు మీరు అక్కడ తీసిన ఫోటోలు కూడా కావాలి.”

“చూసుకోండి. నాలుగింటిదాకా మీదే,” అన్నాడాయన ఉదారంగా.

పక్కనే ఉన్న కొట్లోకి అడుగుపెడుతూనే ఆరా వెతికింది రక్తపు మరక కోసం కాదు, నీలం గుడ్డ కోసం. అది బొమ్మకు తొడిగి ఉంది. ముదురు నీలం కోటు.

“ఎవరిదండీ ఇది?”

“ఇన్‌స్పెక్టర్ గారిదేనమ్మా,” అంది టైలరు భార్య. “ఏదో మెడల్ ఇస్తారట, దానికి.”

ఆరా ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన ఫోటోలు బయటికి తీసి పోల్చింది. అరెస్టు చేసిన సాయంత్రం తీసిన ఫోటోలో కోటుకు కాలరు లేదు. ఇప్పుడుంది. పైగా ఎక్కడా ముడత లేకుండా మెడకు అతికినట్టుంది.

“కాలరు ఎవరు కుట్టారు?”

“నేనేనమ్మా.”

మూల స్టూలు మీద కళ్లు వాచిపోయి కూర్చున్న కూతురు తలెత్తింది. “నువ్వా? నీకు బొత్తాం కుట్టడం కూడా రాదు కదమ్మా.”

తల్లి కూతురి వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే స్టూలుతో సహా భూమిలోకి పోయేవారు. ఈ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదనే కదా ఇంట్లో ఏ సంగతీ చెప్పకుండా దాచింది. ఆరాకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. మొగుడు ఖైదులో ఉంటే ఈవిడ కళ్లలో చెమ్మ లేదు, కూతురు ఏడుస్తుంటే మాత్రం చూడలేకపోతోంది. దుఃఖం లేని చోట దాపరికం ఉంటుందని బీమా కంపెనీ రోజుల నుంచీ ఆమెకు తెలుసు.

గది చుట్టూ చూసింది. ఒకవైపు గోడ నిండా పూల గుడ్డ తెర వేలాడుతోంది. ఆ తెర మెల్లగా కదులుతోంది. వాన పడుతోందని కిటికీ మూసే ఉంది.

సరిగ్గా అప్పుడు తెర పక్కకు తొలిగి ఒక పెద్దావిడ వచ్చింది. “వదినా, ఇంకో నాలుగు గుడ్డ పీలికలుంటే ఇవ్వు, కట్టు మార్చాలి,” అంటూనే ఆరాను చూసి కొయ్యబారిపోయింది.

“ఈవిడ నర్సమ్మ గారండీ,” అంది టైలరు భార్య నీరసంగా. “ఆస్పత్రిలో చేసి రిటైరయ్యారు.”

“ఎటు నుంచి వచ్చారు నర్సమ్మగారూ?” అంది ఆరా.

“పై నుంచే,” అంది నర్సమ్మ అలవాటుగా. వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

బయట కుండపోత. ఆవిడ చెప్పుల మీద చుక్క తడి లేదు. పైన చూస్తే పెంకులు. ఆరా రెండడుగులు వేసి తెర తీసింది. గోడలో మనిషి పట్టేంత కంత ఉంది. అవతల రెండు మెట్లు, ఆ పైన ఇంకొకరి వంటిల్లు, దానికవతల ఇంకో పూల తెర.

అప్పుడు ఆమె బుర్రలో దీపం వెలిగింది. ఏటవాలు వీధి. ఎగువ ఇల్లు పై ఇల్లు, దిగువ ఇల్లు కింది ఇల్లు. ఈ వీధివాళ్లు పక్కింటికి వెళ్లరు, పైకి పోతారు, కిందికి వస్తారు. పాపం టైలరు కానిస్టేబుల్‌కు ఉన్న నిజం ఉన్నట్టే చెప్పాడు.

“హమ్మయ్య,” అంది ఆరా పైకే. “బతికే ఉన్నాడన్నమాట.”

“గుండ్రాయిలా ఉన్నాడు,” అంది నర్సమ్మ. “పాదం బెణికిందంతే. మెట్టు చూసుకోకుండా పడ్డాడు. ఫోను కూడా పగిలింది.”

“మరి ఈ మాట ముందే చెబితే పోయేది కదా. మనిషిని హంతకుడని మూశారే.”

“ఎలా చెప్పమంటారమ్మా?” అంది టైలరు భార్య. “ముందు గుమ్మం పోయె, వెనక సందు పోయె. పలకలు మొదటి వానకే కొట్టుకుపోయాయి. గత్యంతరం లేక గోడలు కొట్టుకుని అందరం మా కొట్లోంచే తిరుగుతున్నాం. కలిసిన ఇళ్లన్నీ కలిపి ఒక పెద్ద ఇంటి కింద లెక్కగట్టి బంగళా రేటు వేస్తారట. ఆ రేటు పడితే ఈ వీధిలో ఒక్క సంసారం మిగలదు. కాలు తగ్గాక ఆయన వచ్చిన గుమ్మంలోంచే నడిచి వెళితే గోలుండదని మావారి ఆలోచన. రెండు రోజులు నేనే లోపలుంటాను, ఎవరూ నోరెత్తకండి అన్నారు. ఇవాళే పెద్ద జైలంటారని అనుకోలేదు.”

కూతురు లేచి నిలబడింది. ఇంత ఏడ్చినందుకు కోపం రావాలో, తండ్రి హంతకుడు కానందుకు సంతోషించాలో తెలియక, తల్లి భుజం మీద ఒకటి వేసి, ఆ భుజం మీదే తల వాల్చింది.

“పదండి పైకి,” అంది ఆరా.

ఆమె జీవితంలో అలాంటి నడక నడవలేదు. ఒకరి వంటిల్లు దాటితే ఇంకొకరి పడకగది, అది దాటితే మరొకరి ఖాళీ గది, అందులో వీధి మొత్తానికి ఆరేసిన బట్టలు. ప్రతి గోడకూ టైలరు కుట్టిన అదే పూల తెర. ఒక ఇంటి పొయ్యి మీద పెద్ద గిన్నె ఉంది, అది ఆ ఒక్క ఇంటికి కాదని చూస్తేనే తెలుస్తోంది. ఎవరూ ఆమెను ఎవరు నువ్వని అడగలేదు, దారి ఇచ్చారు.

“పన్ను పడకముందు ఈ కింది ఇంటావిడతో నాకు మాటల్లేవు,” అంది నర్సమ్మ వెనక నుంచి. “ఇప్పుడు ఆవిడ గురక వినకపోతే నిద్ర పట్టడం లేదు.”

చివరి ఇంట్లో మంచం మీద, దిండు మీద కాలు పెట్టుకుని కొలతలాయన కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి. ఆరాను చూడగానే దుప్పటి గెడ్డం దాకా లాక్కున్నాడు.

“మిమ్మల్ని చంపినందుకు కింద టైలరును నాలుగింటికి జైలుకు పంపిస్తున్నారు,” అంది ఆరా.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నర్సమ్మ వైపు తిరిగాడు. “టైలరు గారు ఊరెళ్లారని చెప్పారు కదమ్మా మీరు.”

“చెబితే ఆ కాలితోనే పరిగెత్తుతారని చెప్పలేదు,” అంది నర్సమ్మ.

“టేపు కొట్లో ఎందుకు వదిలేశారు?” అడిగింది ఆరా.

“తెర తీసి చూశాక టైలరు గారు ఒకటే అడిగారు, కొలుస్తారా అని. కొలిస్తే రాయాలి. రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంతకుముందు ఒక వీధి కొలిచాను. తర్వాత వెళ్లి చూస్తే అక్కడ పిల్లులు తప్ప ఎవరూ లేరు.” ఆయన కళ్లు తుడుచుకున్నాడు. “టేపు అక్కడే పడేసి, చివరిదాకా చూసి వస్తానని పైకి వచ్చాను. పడ్డాను. పడ్డది మంచికే అయింది. ఈ మంచం మీద పడుకుని నిబంధన మొత్తం గుర్తు తెచ్చుకున్నాను. ‘తలుపు ద్వారా కలిసిన ఇళ్లు’ అని ఉంది అందులో. తలుపు అంటే రెక్క ఉండాలి, బందులుండాలి, గడియ ఉండాలి. మొత్తం వీధిలో ఒక్క తలుపు లేదు. తెరకు పన్ను లేదు.”

గుమ్మంలో, కాదు, కంతలో గుమిగూడిన జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో నిట్టూర్చారు, ఆ నిట్టూర్పు ఇంటింటికీ దిగుతూ కిందిదాకా పోయినట్టు వినిపించింది. రెండేళ్లుగా గుండెల మీద ఉన్న కుంపటి దిగింది వాళ్లకి. ఆరాకు కూడా ఒళ్లు తేలికపడింది.

“ఆ మాట రాసిస్తారా?”

“కాగితమివ్వండి,” అన్నాడు కొలతలాయన. “ముందు నన్ను కిందికి దించండి.”

చేతికర్ర ఒకటి వెతికారు గానీ కంగారులో ఎవరికీ దొరకలేదు. ఆయనను ఇద్దరు భుజాల మీద ఆనించుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఇల్లు తర్వాత ఇల్లు దించారు. టైలరు కొట్లోకి వచ్చేసరికి మిషను టకటకలాడుతోంది. మిషను మీద టైలరు వంగి కూర్చుని కోటు చేతికి అస్తరు వేస్తున్నాడు. కూతురు పక్కన నిలబడి ఇందాకటి కోపమంతా తండ్రి మీద కుమ్మరిస్తోంది.

ఆరా ఆశ్చర్యపోలేదు. కొట్టు దిగువ గోడకున్న తెర తీసింది. దాని వెనక చెక్క బీరువా వీపు కనిపించింది, ఒక పలక పక్కకు జరిపి ఉంది.

“రోజూ ఇలాగేనా?” అంది.

“ఆ ఇల్లు మా తమ్ముడిదండీ, వాడే సర్కారుకు అద్దెకిచ్చాడు,” అన్నాడు టైలరు మిషను ఆపకుండా. “కంత పాతదే. భోజనానికి వస్తాను, కాస్త కుట్టుకుంటాను, మళ్లీ పోయి కూర్చుంటాను. ఇన్‌స్పెక్టర్ గారికి కోటు ఇస్తానని మాటిచ్చానండీ. పెద్ద జైలుకు పోతే ఎవరు పూర్తి చేస్తారు?”

“పారిపోవచ్చు కదా.”

“నా కొట్టు ఇక్కడుంటే ఎక్కడికి పారిపోతానండీ?”

గోడ అవతల తాళం చప్పుడైంది. ఆ వెంటనే గావుకేక, బూట్ల చప్పుడు, బీరువా తలుపు తెరిచిన కిర్రు. పక్కకు జరిగిన పలక సందులోంచి ఇన్‌స్పెక్టర్ తల బయటికి వచ్చింది. టోపీ పక్కకు వాలింది, చెవి దగ్గర ఫోను ఉంది.

ముందు టైలరును చూశాడు. తర్వాత మిషను మీద తన కోటును చూశాడు. చివరికి కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్న కొలతలాయనను చూసి, ఫోను చేత్తో మూసి, “ఇదేంటి?” అన్నాడు.

“మీ కేసులో తక్కువైంది ఇదే కదా,” అంది ఆరా. “తెచ్చాను. కాకపోతే బతికుంది.”

“మీరు నన్ను వెధవను చేశారు.”

“నేను చెయ్యలేదు. పైకి పోయారంటే పై ఇంటికి పోయారని ఆయన చెబితే, మీరు వంటిల్లు తవ్వించారు. ఆ నేల చదును చేయించి ఇవ్వండి ముందు. ఈ కంతల సంగతి మీరు పైవాళ్లకు రాస్తానంటే రాయండి. రాసేటప్పుడు మీ లాకప్పుకు కూడా ఒకటుందని, ఖైదీ అందులోంచి భోజనానికి వెళ్లొచ్చాడని కూడా రాయాలి.”

ఇన్‌స్పెక్టర్ బీరువాలో ఇరుక్కున్నవాడు ఇరుక్కున్నట్టే ఆలోచించాడు. ఆయన ముఖంలో కోపం మెల్లగా కరిగి, దాని కింద నుంచి ఇంకేదో పైకి తేలింది. పెరడు తవ్వనక్కర్లేదు. శవం వెతకనక్కర్లేదు. మనిషి బతికే ఉన్నాడు. ఎంత కాదనుకున్నా ఆయనకు కూడా అది హాయిగానే ఉంది.

“కాలరు బాగా కుదిరింది,” అన్నాడు చివరికి, ఎటో చూస్తూ.

“చేతులు కూడా చూద్దురుగాని సార్, ఒక్క నిమిషం,” అని టైలరు లేచాడు. “ముందు ఈయనకు చేతికర్ర తెస్తాను, ఎక్కడుందో నాకు తెలుసు.” తెర తీసి మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఎగువ ఇంట్లో ఎవరో ఆయనను చూసి గట్టిగా నవ్వారు. తర్వాత ఇంకో ఇంట్లో నవ్వు వినిపించింది.

ఫోనులో సూపరింటెండెంట్ గొంతు గరగరలాడింది. గది చిన్నది, అందరికీ వినిపించింది. “వినిపిస్తోందా? వ్యాను బయల్దేరింది. ముద్దాయి ఏడీ?”

ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడి ఫోను చెవికి పెట్టుకున్నాడు. కళ్లు ఇంకా ఊగుతున్న తెర మీదే ఉన్నాయి.

“ఇప్పుడే పైకి పోయాడు సార్,” అన్నాడు.

కొలతలాయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆరా మెల్లగా కళ్లు మూసుకుంది.

“లాకప్పులోనా?” అంది ఫోను. ఇన్‌స్పెక్టర్ వాలిన టోపీ సర్దుకున్నాడు.

“ఎవరూ దేన్నీ ముట్టుకోకండి. శవ పంచనామాకు డాక్టరును, జడ్జిగారిని వెంటబెట్టుకుని నేనే వస్తున్నాను. ఆ గదిలో ప్రతి గోడా, ప్రతి బీరువా కదిలించి చూడాలి.”